లుకేమియా సెల్స్ దాచిపెట్టే సర్వీస్: 5కి 2.5 స్టార్లు

మేం బోస్టన్ దగ్గర ఉంటాం. మా బావకి ఏఎమ్ఎల్ (త్వరగా ముదిరే ఒక రకం లుకేమియా, అంటే బ్లడ్ క్యాన్సర్) అని తేలిన రాత్రి నిద్రపట్టక వెతుకుతుంటే ఈ కంపెనీ కనపడింది, మీ లుకేమియా సెల్స్ తీసి ఫ్రీజ్ చేసి ఉంచుతాం, రేపు వాటితో మీకోసమే వాక్సిన్ చేయించుకోవచ్చు అని. ఆ కంగారులో ఏం ఆలోచిస్తాం, కార్డు నంబర్ కొట్టేశా. (పేరు చెప్పను, గొడవలు నాకొద్దు.)

ముందు మంచి చెప్తా. కిట్ మర్నాడు పొద్దున్నకల్లా హాస్పిటల్‌కి వచ్చేసింది. అదే ముఖ్యం, ఎందుకంటే 7+3 కీమో (ఏఎమ్ఎల్‌కి మొదట ఇచ్చేది, ఒక మందు ఏడు రోజులు, ఇంకోటి మూడు రోజులు) పడిందంటే ఆ పాడు సెల్స్ చాలావరకు పోతాయి, పోవాలనేగా ఇచ్చేది, ఇంక దాయడానికి ఏం ఉండదు. డీఎమ్ఎస్ఓ (గడ్డకట్టేటప్పుడు సెల్స్ పాడవకుండా కాపాడే ద్రవం) కలిపి మెల్లగా చల్లబరిచి లిక్విడ్ నైట్రోజన్ ట్యాంకులో పెట్టారు, అది మైనస్ 196 డిగ్రీలు. ఎంత శాతం సెల్స్ బతికున్నాయో రిపోర్ట్ కూడా పంపారు.

తలనొప్పి తర్వాత మొదలైంది. బ్రోచర్ నిండా వాక్సిన్ వాక్సిన్ అని ఉంది కానీ వీళ్ళు చేసేది గోడౌన్ పని. మా డాక్టర్‌గారిని అడిగితే విడమర్చి చెప్పారు: ఇక్కడే బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ హాస్పిటల్‌లో డాక్టర్ డేవిడ్ అవిగాన్ టీమ్ పేషెంట్ లుకేమియా సెల్స్‌ని అతని డెండ్రిటిక్ సెల్స్‌తో (పోలీసులకి దొంగని చూపించే రకం అనుకోండి) కలిపి టీకాగా ఇచ్చింది, 2016లో పేపర్ వచ్చింది, 17 మందిలో 12 మందికి 57 నెలల మీడియన్ ఫాలోఅప్‌లో జబ్బు తిరగబెట్టలేదు. బ్రోచర్‌లో ఇంతవరకే ఉంది. వాళ్ళంతా కీమోతో ముందే రెమిషన్‌కి (పరీక్షల్లో జబ్బు కనపడని స్థితికి) వచ్చినవాళ్ళనీ, పోల్చి చూడ్డానికి వేరే గ్రూపే లేదనీ ఎక్కడా లేదు. ట్రాన్స్‌ప్లాంట్ తర్వాత ఇచ్చే ఇంకో రకం టీకాని ప్లాసిబోతో పోలిస్తే తేడా రాలేదంట, అది అసలు ఊసే లేదు.

ఇంకో మాట, ట్రయల్‌లో చేరితే సెల్స్ వాళ్ళే తీసుకుని వాళ్ళ ల్యాబ్ పద్ధతిలో దాచుకుంటారు, బయట ట్యాంకులోవి తీసుకుంటారన్న గ్యారంటీ లేదు. ఇది కస్టమర్ కేర్‌ని మూడుసార్లు అడిగా, మూడుసార్లూ అదే పీడీఎఫ్ పంపారు. కాబట్టి డబ్బు కట్టేముందు, అదీ కీమో మొదలవ్వకముందే, ట్రయల్ ఏమన్నా ఉందా అని డాక్టర్‌ని అడగండి.

ఏడాది ఫీజు మా కారు ఇన్సూరెన్స్ అంత. ఈసారి ఆపేద్దామా అక్కా అంటే, "కట్టెయ్ రా, దసరాకి చీర మానేస్తాలే" అంది. కట్టేశా.