ఏది మేలు: గల్ఫ్ రొక్కమా, షరతుల రుణమా?

2011 జనవరి 14న ప్రజా తిరుగుబాటుకు తలవంచి ట్యునీషియా అధ్యక్షుడు బెన్ అలీ దేశం విడిచి పారిపోయాడు. నెల తిరగకుండానే ఈజిప్టులో అధ్యక్షుడు ముబారక్ అలాగే గద్దె దిగాడు. పర్యాటకం పడిపోయి, పెట్టుబడులు ఆగిపోయి డాలర్లకు కటకటలాడిన ఈ రెండు దేశాలకు అందిన సాయం స్థూలంగా రెండు రకాలు. సౌదీ, యూఏఈ, కువైట్, ఖతార్ పాలకులు తమకు నచ్చిన ప్రభుత్వానికి నేరుగా ఇచ్చిన నగదు, కేంద్ర బ్యాంకు డిపాజిట్లు, ఇంధనం ఒకటి. అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్), ఐరోపా సమాఖ్య, అమెరికా విడతలవారీగా షరతులతో ఇచ్చినది రెండోది.

వేగంలో గల్ఫ్ రొక్కానికి సాటి లేదు. ఎన్నికల్లో నెగ్గి 2012లో ఈజిప్టు అధ్యక్షుడైన ముస్లిం బ్రదర్‌హుడ్ నేత మోర్సీని గల్ఫ్ దేశాల్లో ఖతార్ ఒక్కటే గట్టిగా ఆదుకుంది. ఐఎంఎఫ్‌తో 480 కోట్ల డాలర్ల రుణానికి ఆ ఏడాది నవంబరులో ప్రాథమిక ఒప్పందం కుదిరినా, అందుకోసం డిసెంబరులో ప్రకటించిన పన్నుల పెంపును మోర్సీ జనాగ్రహానికి జంకి గంటల్లోనే వెనక్కి తీసుకున్నాడు. ఆ రుణం చేతికి రానేలేదు. 2013 జూలై 3న సైన్యం ఆయనను తొలగించగా, వారం తిరిగేసరికి సౌదీ 500 కోట్లు, కువైట్ 400 కోట్లు, యూఏఈ 300 కోట్ల డాలర్లు ప్రకటించాయి. ఓటుతో వచ్చినవాడికి దొరకని ఊపిరి తుపాకీతో వచ్చినవాడికి దొరికింది.

అంతకన్నా లోతైన నష్టం మరొకటుంది. ఆగస్టులో కైరోలోని రబా కూడలిలో మోర్సీ మద్దతుదారులను వందలాదిగా భద్రతా దళాలు కాల్చి చంపాక పాశ్చాత్య దేశాలు సాయం ఆపవచ్చన్న మాట రాగానే, ఆ లోటును అరబ్ దేశాలు పూడుస్తాయని సౌదీ విదేశాంగ మంత్రి బహిరంగంగానే చెప్పాడు. అక్టోబరులో అమెరికా తన వార్షిక 130 కోట్ల డాలర్ల సైనిక సాయంలో కొంత నిలిపింది, 2015 మార్చిలో మళ్లీ విడుదల చేసింది. ఆ నిలుపుదలతో కైరోలో ఏమీ మారలేదు. గల్ఫ్ రొక్కానికి షరతులు లేవంటారు గానీ, ముస్లిం బ్రదర్‌హుడ్ మళ్లీ అధికారంలోకి రాకూడదన్న షరతు కాగితం మీద లేకపోయినా అందరికీ తెలిసిందే.

ఇక ట్యునీషియా. 2014లో కొత్త రాజ్యాంగం రాసుకున్న ఈ దేశం 2013లోనూ 2016లోనూ ఐఎంఎఫ్ నుంచి రుణాలు తీసుకుంది. ప్రభుత్వ జీతాల ఖర్చు తగ్గించాలని, సబ్సిడీలు కోయాలని షరతులు. వాటిపై పార్లమెంటులో వాదన జరిగింది, 2018 జనవరిలో ధరల పెంపుపై వీధులు మండాయి, మరుసటి ఏడాది జాతీయ కార్మిక సంఘం యూజీటీటీ సమ్మెకు దిగింది. ఇదంతా తలనొప్పే అయినా, అప్పు షరతులు జనం ముందుకు వచ్చి ఎదిరింపును చవిచూడడం చిన్న సంగతి కాదు. అయితే విప్లవ ఫలం కోసం ఎదురుచూసిన ప్రజలకు ఎన్నికైన ప్రభుత్వాలు పొదుపునే వడ్డించాల్సి రావడంతో పార్టీల మీద విసుగు పెరిగింది. 2021 జూలై 25న పార్లమెంటును స్తంభింపజేసిన అధ్యక్షుడు కైస్ సయీద్‌కు తొలుత దక్కిన జనాదరణకు ఆ విసుగు కూడా ఒక కారణం.

నిజానికి ఈ రెండు డబ్బులు పూర్తిగా వేరు కావు. 2016లో ఈజిప్టుకు 1,200 కోట్ల డాలర్ల రుణం మంజూరు చేసే ముందు, మిత్రదేశాల నుంచి మరికొంత నిధి తెచ్చుకోమని ఐఎంఎఫే అడిగింది. 2024లో ఈజిప్టులోని రాస్ ఎల్ హెక్మా తీరం అభివృద్ధికి యూఏఈలోని అబూ ధాబీ 3,500 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్న వెంటనే, ఐఎంఎఫ్ ఆ దేశానికి ఇస్తున్న మరో రుణాన్ని 800 కోట్ల డాలర్లకు పెంచింది. ఐఎంఎఫ్ పట్టుబట్టింది కరెన్సీ మారకం రేటు గురించి. జైళ్లలోని రాజకీయ ఖైదీల గురించి కాదు.

అయినా ఎంచుకోవాల్సి వస్తే, పౌరుడి వైపు నుంచి షరతుల రుణానికే నేను కొద్ది తేడాతో మొగ్గుతాను, ఆ షరతులు ప్రచురితమై పార్లమెంటు ముందుకు వచ్చినంత వరకే. ఆ తేడా కూడా ఇప్పుడు కరిగిపోతోంది. 2023 జూలైలో ట్యునీషియాతో కుదిరిన అవగాహన ఒప్పందంలో ఐరోపా సమాఖ్య 90 కోట్ల యూరోల ఆర్థిక సాయాన్ని ఐఎంఎఫ్ ఒప్పందానికి ముడిపెట్టింది, వలసల కట్టడికి ఉద్దేశించిన 10.5 కోట్ల యూరోలకు మాత్రం ఆ ముడి లేదు. అప్పటికి ఆ దేశంలో పలువురు ప్రతిపక్ష నాయకులు జైల్లో ఉన్నారు.