మూత ఊడివచ్చే పిల్లి క్యారియర్: బెదిరే పిల్లికి ఎంతవరకు పనికొస్తుంది?

పిల్లిని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లడానికి దొరికే క్యారియర్లలో గట్టి ప్లాస్టిక్‌తో చేసిన రకం ఒకటుంది. ఇది కింది తొట్టి, పై మూత అనే రెండు భాగాలుగా విడిపోతుంది. ముందువైపు తీగల జాలీ తలుపు, నెత్తి మీద మరో తలుపు, రెండు భాగాలనూ పట్టి ఉంచడానికి పక్కల క్లిప్పులు ఉంటాయి. అందం విషయంలో దీనికి మార్కులు తక్కువే పడతాయి. గుడ్డతో కుట్టిన సంచుల పక్కన పెడితే మోటుగా కనిపిస్తుంది, వాడనప్పుడు మడిచి అలమరాలో పెట్టుకునే వీలు కూడా లేదు. అయినా, పెట్టె బయటికి తీసిన చప్పుడు వింటే చాలు మంచం కిందికి దూరిపోయే మా పిల్లి కోసం వేరే రకాలు కూడా వాడి చూశాక, చివరికి దీన్నే ఉంచుకున్నాను. ఎక్కడికైనా నిశ్చింతగా వచ్చే పిల్లి ఉన్నవారికి ఈ సమీక్షలో సగం అనవసరం అనిపించవచ్చు. ఇది బెదిరే పిల్లులను దృష్టిలో పెట్టుకొని రాసినది.

క్యారియర్ అమ్మేవారు జేబులెన్ని ఉన్నాయో, పట్టీ ఎంత మెత్తగా ఉందో చెబుతారు. పిల్లికి సంబంధించినంత వరకు అసలు పరీక్షలు రెండే: ఇంట్లో అది లోపలికి ఎలా వెళుతుంది, డాక్టర్ బల్ల మీద బయటికి ఎలా వస్తుంది. మొదటి దానికి చాలామంది సిద్ధపడతారు. రెండోది అక్కడికి వెళ్లాక గానీ గుర్తుకు రాదు. ఈ పెట్టె తన విలువను చూపించేది సరిగ్గా ఆ రెండో చోటే.

ముందుగా లోపలికి వెళ్లడం సంగతి. ముందు తలుపు ఒక్కటే ఉన్న పెట్టెలోకి భయపడిన పిల్లిని తలవైపు నుంచి నెట్టడం ఎంత కష్టమో చేసినవారికి తెలుసు. ముందు కాళ్లు రెండూ తలుపు అంచులకు చెరో వైపు ఆనించి, వెనక కాళ్లను మన ముంజేతికి తన్నిపెట్టి, నడుమును విల్లులా వంచుతుంది. నాలుగైదు కిలోల జంతువులో అంత బలం ఎక్కడ దాగి ఉందో ఆ క్షణంలో తెలుస్తుంది. అది మొండితనం కాదు. ఎదురుగా ఉన్నది వెనక దారి లేని చీకటి గూడు. పైగా వెనక నుంచి ఎవరో తోస్తున్నారు. అలాంటి చోటికి తలదూర్చకపోవడమే పిల్లికి క్షేమం అనిపిస్తుంది. పై తలుపు ఉంటే ఈ పెనుగులాట చాలావరకు తప్పుతుంది. ఒక చెయ్యి ఛాతీ కింద, మరొకటి వెనక కాళ్ల కింద ఉంచి, వెనక భాగం ముందుగా తొట్టిలో ఆనేలా దింపితే, పిల్లికి తాను ఎక్కడికి పోతున్నదో తెలిసేలోపే అడుగున కూర్చుంటుంది. బాగా బెదిరే రోజుల్లో తువ్వాలుతో మెడ దాకా చుట్టి, ఆ చుట్టతో సహా దింపడం ఇంకా తేలిక. అయితే పై తలుపు వెడల్పు చూసుకొని కొనాలి. కొన్నింటికి అది పేరుకే ఉంటుంది. పిల్లి పడుతుంది గానీ దానితో పాటు మన చేతులు పట్టవు.

మూత మొత్తం తీసేసి, పిల్లిని తొట్టిలో కూర్చోబెట్టి, తువ్వాలు కప్పి, ఆ పైన మూత దించడం కూడా ఒక పద్ధతే. నా అనుభవంలో దీనికి రెండో మనిషి సాయం కావాలి, ఎందుకంటే క్లిప్పులు ఒకదాని తరువాత ఒకటి బిగించేలోపు పిల్లి తల బయటపెట్టేస్తుంది.

ఇక డాక్టర్ బల్ల దగ్గరి సంగతి. భయపడిన పిల్లి పెట్టె వెనక మూలకు అతుక్కుపోతుంది. చెవులు తలకు ఆనిపోయి, కంటిపాపలు నల్లగా విప్పారి, ఒళ్లు ముద్దగా చేసుకొని కూర్చున్న పిల్లిని ముందు తలుపు నుంచి లాగితే గోళ్లు అడుగున వేసిన గుడ్డను కూడా పట్టుకొని వస్తాయి. పెట్టెను ఏటవాలుగా ఎత్తి కుదిపి జార్చడం, మెడ మీది తోలు పట్టుకొని లాగడం ఇప్పటికీ కొన్ని చోట్ల కనిపిస్తుంది. ఇవి రెండూ చేయకూడని పనులే. పిల్లుల వైద్యులకు సంబంధించిన అమెరికా సంఘం ఏఏఎఫ్‌పీ, అంతర్జాతీయ సంఘం ఐఎస్‌ఎఫ్‌ఎం కలిసి 2022లో ఇచ్చిన మార్గదర్శకాలు పిల్లిని బలవంతంగా పట్టి ఉంచడం కన్నా, అది ఉండాలనుకున్న చోటే ఉండనిచ్చి పరీక్షించమంటాయి. మూత ఊడివచ్చే పెట్టెతో ఇది నిజంగా సాధ్యమవుతుంది. క్లిప్పులు విప్పి మూతను నిదానంగా ఎత్తుతూ, అదే సమయంలో పక్క నుంచి తువ్వాలును లోపలికి జరిపితే, పిల్లికి తన గూడు పోయినట్టు అనిపించదు. పైన ప్లాస్టిక్‌కు బదులు గుడ్డ వచ్చిందంతే. డాక్టర్ ఆ గుడ్డ కిందికి స్టెతస్కోపు పోనిచ్చి గుండె వింటారు, పొట్ట తడిమి చూస్తారు, తోక వైపు మాత్రం గుడ్డ తొలగించి జ్వరం చూస్తారు, టీకా కూడా అక్కడే వేస్తారు. పిల్లి తన వాసన పట్టిన పరుపు మీది నుంచి కదలాల్సిన పనే ఉండదు. బరువు తూచడానికి కూడా తొట్టితో సహా పెట్టి, ఖాళీ తొట్టి బరువు తీసేస్తే సరిపోతుంది. మూత తీసే పనిని మేమే చేస్తామని డాక్టర్‌కు ముందుగా చెప్పడం మంచిది, ఎందుకంటే ఏ కంపెనీ క్లిప్పు ఎటు తిరుగుతుందో అక్కడివారికి తెలియాలని లేదు.

ఈ పెట్టె రెండో లాభం ప్రయాణం లేని రోజుల్లో కనిపిస్తుంది. పైభాగం తీసేస్తే కింది తొట్టి మామూలు పడక. దాన్ని పిల్లి రోజూ తిరిగే గదిలో, అది ఎండకు పడుకునే మూలన ఉంచి, అది వాడే గుడ్డనే పరిచి, ఇష్టమైన తిండి అప్పుడప్పుడు అందులో వేస్తూ ఉంటే, కొన్నాళ్లకు అదే వచ్చి పడుకుంటుంది. తరువాత మూత, ఆ తరువాత తలుపు, ఆపైన తలుపు కాసేపు మూసి తెరవడం, చివరికి పెట్టెను ఎత్తి నాలుగడుగులు నడవడం: ఒక్కో మెట్టు కుదురుకున్నాకే తరువాతి దానికి పోవాలి. వియన్నా పశువైద్య విశ్వవిద్యాలయంవారు 2018లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 22 పిల్లులను తీసుకొని, వాటిలో 11 పిల్లులకు ఆరు వారాల పాటు క్యారియర్ అలవాటు చేశారు. అలవాటు చేసిన పిల్లులు కారు ప్రయాణంలో తక్కువ కంగారుపడ్డాయి, వాటి వైద్య పరీక్ష కూడా తక్కువ సమయంలో పూర్తయింది. ఆరు వారాలన్నది చిన్న విషయం కాదు. రేపు అపాయింట్‌మెంట్ పెట్టుకొని ఈ రోజు క్యారియర్ కొన్నవారికి ఈ లాభం అందదు. పెట్టెతో వచ్చిన కాగితంలో దీని గురించి ఒక్క ముక్క కూడా లేకపోవడం నాకు విచిత్రంగా తోచింది. మూత ఎలా బిగించాలో మాత్రం బొమ్మలు వేసి మరీ చూపించారు.

లోపాలు ఉన్నాయి. వాటిలో పెద్దది క్లిప్పుల చప్పుడు. విప్పిన ప్రతిసారీ టప్పుమని మోగుతాయి. మూత విడిచే లాభమంతా నెమ్మదిగా తీయడంలోనే ఉన్నప్పుడు, ఆ చప్పుడు అసలుకే మోసం తెస్తుంది. బొటనవేలితో అదిమిపట్టి వదిలితే కొంత తగ్గుతుంది గానీ, కొత్త క్లిప్పులు అంత మాట వినవు. పైగా క్లిప్పు వంగే చోట కొన్నాళ్లకు ప్లాస్టిక్ తెల్లబారి సన్నటి గీత తేలుతుంది. అది కనబడితే విరగడానికి ఎక్కువ కాలం పట్టదు. విడి క్లిప్పులు అమ్మే కంపెనీదే కొనడం ఉత్తమం. క్లిప్పులకు బదులు మరలు బిగించే పెట్టెలు ఎక్కువ కాలం మన్నుతాయి, కానీ డాక్టర్ బల్ల దగ్గర మరలు విప్పుతూ కూర్చోవడం ఎవరికీ కుదరదు.

అడుగుభాగం నున్నగా ఉండటం రెండో లోపం. కారు మలుపు తిరిగినప్పుడు పిల్లి జారి గోడకు తగులుతుంది, దాంతో భయం రెట్టింపవుతుంది. పరిచే గుడ్డ కింద రబ్బరు చాప ముక్క కత్తిరించి వేసుకుంటే సరిపోయే పని ఇది. కంపెనీవారే వేసి ఇవ్వవచ్చు. పిడి విషయం కూడా చెప్పాలి. నడి మధ్యన ఒకే పిడి ఉండటం వల్ల, పిల్లి ఒక మూలకు చేరగానే పెట్టె ఆ వైపు ఒరిగిపోతుంది. నేను పిడిని దాదాపు వాడను; అడుగున రెండు చేతులూ వేసి ఛాతీకి ఆనించి మోస్తాను. పిడి పట్టుకొని మోకాలికి కొట్టుకుంటూ మోస్తే లోపల ఉన్న ప్రాణికి ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

పరిమాణం విషయంలో కొనేవారు పొరబడే అవకాశం ఉంది. పిల్లి లేచి నిలబడి, వెనక్కి తిరిగి, కాళ్లు ముడుచుకొని పడుకోగలిగితే చాలు. ప్రేమకొద్దీ అంతకన్నా పెద్దది కొంటే లోపల దొర్లడానికే తప్ప దేనికీ పనికిరాదు. కారులో దీన్ని ముందు సీటు వెనక కాళ్లు పెట్టుకునే చోట నేల మీద కదలకుండా ఇరికించడం మంచిది. పిడి కిందుగా సీటుబెల్టు వేసి బిగిస్తే భద్రమని కొందరు అనుకుంటారు, కానీ కంపెనీ దాన్ని పరీక్షించి చెప్పకపోతే ప్రమాదంలో ఆ బెల్టే పెట్టెను నలిపేయగలదు. పైన పలుచటి గుడ్డ కప్పితే చాలా పిల్లులు సద్దుమణుగుతాయి. మూడు వైపుల గాలి కన్నాలు మూసుకుపోకుండా చూసుకోవాలి.

క్యారియర్‌తో పాటు అమ్మకానికి పెట్టే వాటి గురించి కొంచెం. ఫెలివే వంటి స్ప్రేలలో ఉండేది పిల్లి తన బుగ్గలతో వస్తువులకు రాసే వాసన పదార్థానికి కృత్రిమ రూపం. దాన్ని పిల్లి లోపలికి వెళ్లడానికి 15 నిమిషాల ముందు, అది దగ్గర లేనప్పుడు పెట్టెలో చల్లాలి. అందులోని ఆల్కహాల్ ఆవిరైపోవాలి. మా పిల్లి విషయంలో అది కొంచెం తోడ్పడిందేమో అనిపించింది, అంతకు మించి చెప్పలేను. నిజంగా వణికిపోయే పిల్లులకు డాక్టర్లు గాబాపెంటిన్ అనే కంగారు తగ్గించే మందు ఇస్తారు. 2023లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, ప్రయాణంలోనూ డాక్టర్ దగ్గరా పిల్లికి కలిగే భయానికే ప్రత్యేకంగా బాన్‌క్యాట్ అనే ప్రీగాబలిన్ మందు ద్రవాన్ని అనుమతించింది. ఏ మందైనా డాక్టర్ రాసి, మోతాదు చెప్పిన తరువాతే. మనుషుల మందు సీసాలోంచి కొంచెం పోసి చూద్దామనే ఆలోచన అసలు పెట్టుకోకూడదు.

గుడ్డ సంచులు తేలికగా ఉంటాయి, భుజానికి తగిలించుకోవచ్చు. కానీ జిప్పు లోపలి నుంచి పిల్లి గోటితో తెరవగలదు, భయంతో మూత్రం పోస్తే అది కుట్లలోకి ఇంకిపోతుంది. గుండ్రటి పారదర్శకపు కిటికీ ఉన్న వీపు సంచుల గురించి నా అభిప్రాయం ఒక్కటే: దాక్కోవాలనుకునే జంతువును అద్దాల బీరువాలో నిలబెట్టినట్టు ఉంటుంది. బెదిరే పిల్లికి అది వద్దు.

ప్లాస్టిక్ పెట్టెకు కడుక్కోవడంలో సుఖం ఉంది. రెండు భాగాలూ విడదీసి నీళ్ల కింద పెట్టి, మూత్రం వాసన ఉంటే ఎంజైమ్ క్లీనర్‌తో రుద్ది ఆరబెడితే మళ్లీ పడకగా వేయవచ్చు. ఫినాయిల్ వంటి ఘాటైన వాటిని దీనికి వాడకూడదు. వాటిలోని ఫీనాల్ పిల్లులకు విషం. క్లిప్పులు కూర్చునే గాడిలో వెంట్రుకలు పేరుకుంటాయి, అవి తీయకపోతే మూత పూర్తిగా దిగదు, దిగినట్టు కనిపిస్తుంది అంతే. అందుకని బయలుదేరే ముందు పిల్లి లేకుండా ఒకసారి పెట్టెను పిడితో ఎత్తి ఊపి చూసుకోవడం అవసరం. ఇంట్లో మరో పిల్లి ఉంటే, ఆస్పత్రి వాసనతో తిరిగివచ్చిన దాన్ని చూసి అది బుసకొట్టవచ్చు. రెంటినీ కొన్ని గంటలు వేరు గదుల్లో ఉంచి, ఈ లోపు తొట్టిని కడిగేస్తే ఆ గొడవ చాలావరకు తప్పుతుంది.