పాత పుస్తకానికి కొత్త బైండింగ్: విజయనగరంలో ఒక మంచి దుకాణం

అట్ట ఊడి, ఫారాలు (మడిచి కుట్టిన పేజీల కట్టలు) విడిపోయిన ఒక పాత ఇంగ్లీషు జీవితచరిత్రను విజయనగరం గంటస్తంభం దగ్గరి చిన్న బైండింగ్ దుకాణంలో ఇచ్చాను. ఇంగ్లండ్ రగ్బీ జట్టుకు 17 మ్యాచ్‌లు ఆడిన రొనాల్డ్ పౌల్టన్ పామర్ జీవితం అది. 1914 ఏప్రిల్‌లో పారిస్‌లో ఫ్రాన్స్ మీద కెప్టెన్‌గా ఆడి నాలుగు ట్రైలు (బంతిని ప్రత్యర్థి గీత అవతల నేలకు తాకించి సాధించే స్కోర్లు) సాధించిన ఆయన, ఏడాది దాటగానే, 1915 మే 5న, మొదటి ప్రపంచ యుద్ధంలో బెల్జియంలోని ప్లూగ్‌స్టీర్ట్ దగ్గర కందకం పనులు చూస్తుండగా శత్రువు తూటాకు బలయ్యారు. అప్పటికి ఆయన వయసు 25 ఏళ్లే. మేనమామ ద్వారా ఇంగ్లండ్‌లోని రెడింగ్ పట్టణపు హంట్లీ అండ్ పామర్స్ బిస్కెట్ల వ్యాపారంలో గొప్ప ఆస్తి దక్కినా, పేద కుర్రాళ్ల క్లబ్బుల కోసం శ్రద్ధగా పనిచేసిన మనిషి కావడం వల్ల ఆ కథంటే నాకు ఎంతో గౌరవం.

ఇంత విలువైన పుస్తకాన్ని బైండర్ కూడా అంతే జాగ్రత్తగా చూసుకున్నారు. వెన్ను మీది పాత జిగురును తడిపి మెల్లగా గీకి, ఒక్కో ఫారాన్ని విడివిడిగా దారంతో కుట్టి, పెళుసుబారిన అంచులను కత్తిరించే మిషన్‌కు ఇవ్వకుండా అలాగే ఉంచారు. ఊడిపోయిన ఫొటో పేజీని పల్చని కాగితపు పట్టీతో తిరిగి అతికించారు. పుస్తకం ఇప్పుడు బల్ల మీద పూర్తిగా తెరుచుకుంటుంది. వెన్ను మీది బంగారు అక్షరాలు మాత్రం కొంచెం వంకరగా పడ్డాయి, చెప్పిన గడువు కూడా దాటింది. ధర న్యాయమైనదే. బడులు తెరిచే జూన్‌లో రద్దీ ఎక్కువ కాబట్టి, పాత పుస్తకాలున్నవారు అంతకు ముందే ఇవ్వడం మంచిది.