మీకంటే బలవంతుడితో తలపడాలంటే వింగ్ చున్ మేలా, సాండా మేలా?

ఎదుటివాడు మీకంటే ఇరవై కిలోలు ఎక్కువున్నాడు. ఏ కుంగ్‌ఫూ పనికొస్తుంది? చాలామంది నోట మొదట వచ్చే పేరు వింగ్ చున్. తనను బలవంతంగా పెళ్లాడబోయిన రౌడీని ఓడించడానికి ఒక అమ్మాయి నేర్చుకున్న విద్య ఇదని కథ. కథకు ఆధారాల్లేవు గానీ, బలానికి బలం ఒడ్డకూడదన్న ఆలోచన మాత్రం ఈ విద్యలో అడుగడుగునా కనిపిస్తుంది.

వింగ్ చున్‌లో గుద్దును పక్కకి మళ్లించే బోంగ్ సావ్‌నే చూడండి. మోచెయ్యి పైకి, మణికట్టు కిందికి, చెయ్యి ఏటవాలుగా ఉంటుంది. గుద్దు దాని మీదుగా జారిపోవాలి. బరువైనవాడు నెట్టుకుంటూ మీదికొస్తుంటే అదే చేత్తో ఆపుదామనుకున్నారో, మీ చెయ్యే వచ్చి మీ ముఖానికి తగులుతుంది. చెయ్యి లేచేసరికే నడుము తిరగాలి, అడుగు పక్కకి పడాలి. చాలా క్లాసుల్లో చేతుల మీదున్న శ్రద్ధ ఈ అడుగు మీద ఉండదు. ఇంకో చిక్కు: చి సావ్ అనే జంట సాధన ఒకరి చేతులు ఒకరికి ఆనించుకునే మొదలవుతుంది. బాక్సింగ్ తెలిసినవాడు జాబ్ (ముందు చేత్తో సూటి గుద్దు) కొట్టి చెయ్యి చటుక్కున లాగేసుకుంటాడు. ఆనించడానికి చెయ్యేది?

సాండా దారి వేరు. 1970ల చివర్లో చైనా ప్రభుత్వం పోటీల కోసం రూపుదిద్దడం మొదలుపెట్టిన ఆట ఇది. గుద్దులు, కిక్కులతో పాటు షువాయ్ జియావ్ అనే చైనా కుస్తీలోని పట్లూ ఉంటాయి. కిక్ వచ్చిందా, లోపలికి అడుగేసి ఆ కాలిని చంకలో ఇరికించుకుని, రెండో కాలిని ఊడ్చేస్తారు. ఒంటికాలి మీదున్నవాడికి తన బరువే శత్రువు. కాకపోతే ఇద్దరూ కలిసి కింద పడితే రిఫరీ లేపేస్తాడు. వీధిలో లేపేవాడెవడూ ఉండడు. పైగా సాండా పోటీల్లోనూ బరువును బట్టి విభాగాలున్నాయి, అది మర్చిపోవద్దు.

మెల్లటి కదలికల తాయ్ చీ ఊసెత్తితే 2017లో చెంగ్డూలో జరిగింది గుర్తుకురాక మానదు. ఎంఎంఏ (గుద్దులు, కిక్కులు, కుస్తీ అన్నీ కలిసిన పోటీ) ఫైటర్ షు షియావోడాంగ్ ముందు ఒక తాయ్ చీ గురువు అర నిమిషం కూడా నిలవలేదు. తాయ్ చీలో ఇద్దరు ఒకరినొకరు నెట్టుకునే పుష్ హ్యాండ్స్ సాధన తూలకుండా నిలబడటం నేర్పుతుంది, నిజమే. ముఖం మీదికి గుద్దులొస్తున్నప్పుడు ఏం చేయాలో అది నేర్పదు.

నన్నడిగితే సాండాకే ఓటు. కారణం పట్లు కూడా కాదు, నిజంగా ఎదురుతిరిగేవాడితో వారం వారం స్పారింగ్ (సాధన కోసం చేసే పోరు) ఉండటం. ఇప్పటికే వింగ్ చున్ నేర్చుకుంటుంటే మానేయక్కర్లేదు. పాక్ సావ్ (అరచేత్తో గుద్దును చరిచి పక్కకి తోయడం), సూటి గుద్దు, పక్కకి అడుగు, ఈ మూడూ ఉంచుకుని, మీకంటే బరువైనవాడికి గ్లవ్స్ ఇచ్చి, మెల్లగా కాకుండా మామూలు వేగంతోనే కొట్టమనండి.