పాలావెర్దే, ఇస్తాంబుల్: యూరప్ మహిళల వాలీబాల్ ప్లేఆఫ్‌ల వెంట ఒక యాత్ర

యూరప్‌లో మహిళల క్లబ్ వాలీబాల్ చూడాలని బయలుదేరే అభిమానికి మొదటి చిక్కు టికెట్టు ధరతో కాదు, తేదీతో వస్తుంది. ఇటలీ లీగ్‌లో ప్లేఆఫ్ ఫైనల్ అయిదు మ్యాచ్‌ల సిరీస్, ముందుగా మూడు గెలిచిన జట్టుదే స్కుడెట్టో, అంటే లీగ్ టైటిల్. కాబట్టి నాలుగో మ్యాచ్, అయిదో మ్యాచ్ అసలు జరుగుతాయో లేదో దాదాపు చివరి దాకా తేలదు. యూరప్ క్లబ్‌ల పోటీ ఛాంపియన్స్ లీగ్‌లో చివరి నాలుగు జట్లు ఒకే ఊళ్ళో ఆడే ఫైనల్ ఫోర్ సంగతి దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. అక్కడ ఊరు, హాలు, తేదీలు చాలా ముందుగానే తెలిసిపోతాయి గానీ, ఏ నాలుగు జట్లు వస్తాయో క్వార్టర్ ఫైనల్స్ ముగిసేదాకా తెలియదు. మొదటిదానికి జట్టును చూసి టికెట్టు కొంటాం, రెండోదానికి ఊరిని చూసి కొంటాం. 2025 వసంతంలో మా చెల్లెలూ నేనూ రెండింటికీ వెళ్ళి వచ్చాం. రెండూ చూశాక నా అభిప్రాయం ఒకటే: డబ్బూ సెలవులూ ఒక్క యాత్రకే సరిపోయేటట్లయితే ఫైనల్ ఫోర్ వదులుకుని, చిన్న ఊరి హాలులో జరిగే ప్లేఆఫ్ మ్యాచ్‌కే వెళ్ళాలి. అయితే బస, భోజనం, రాకపోకల విషయంలో మాత్రం ఇస్తాంబుల్‌దే పైచేయి అని ముందే ఒప్పుకోవాలి.

మేము ఉంటున్నది మ్యూనిక్‌లో. అక్కడి నుంచి బ్రెన్నర్ కనుమ మీదుగా వెనిస్ వైపు నేరుగా రైళ్ళున్నాయి. విమానం కన్నా సమయం ఎక్కువే పడుతుంది గానీ, ఆల్ప్స్ కొండలను పగటి వెలుగులో చూస్తూ వెళ్ళే ఆ ప్రయాణం విసుగు అనిపించదు. వెనిస్‌కు ముందొచ్చే మెస్త్రే స్టేషన్‌లో దిగి ఊదీనే వైపు వెళ్ళే ప్రాంతీయ రైలు ఎక్కితే అరగంటలోపే ట్రెవీజో వస్తుంది. ఇక్కడ కొత్తవాళ్ళు పొరబడే అవకాశం ఉంది. మేము చూడబోయే జట్టు పేరు కొనెల్యానో కనుక గది కూడా ఆ ఊళ్ళోనే తీసుకోవాలని ఎవరికైనా తోస్తుంది. కానీ ఇమోకో కొనెల్యానో తన మ్యాచ్‌లు ఆడే పాలావెర్దే హాలు ట్రెవీజోకు ఉత్తరాన ఆనుకుని ఉన్న విల్లోర్బాలో ఉంది, కొనెల్యానో పట్టణం అక్కడికి ఇరవై కిలోమీటర్ల పైమాటే. ప్రొసెక్కో ద్రాక్షతోటల కొండలు, కొండ మీద కోట, 1876లో మొదలైన ద్రాక్షసారాయి విద్యాలయం ఉన్న కొనెల్యానో ఒక పగలంతా తిరగదగ్గ ఊరే, మ్యాచ్ రాత్రి బసకు మాత్రం పనికిరాదు.

ట్రెవీజోలో పాత కోటగోడల లోపల, కాలువ పక్కనున్న ఒక చిన్న అతిథిగృహంలో దిగాం. లిఫ్టు లేదు, సామాను మూడంతస్తులు మోసుకుపోవాలి. రాత్రికి తలకింత అని నగర పన్ను వేరుగా నగదు రూపంలో అడిగారు, ఇది ఇటలీలో చాలాచోట్ల ఉన్న పద్ధతే. ఇంటి యజమానురాలు పెద్దావిడ. మేము వాలీబాల్ కోసం వచ్చామని తెలిసిన దగ్గర నుంచి మాకు తాళంచెవి ఇవ్వడం కన్నా జట్టు గురించి చెప్పడంలోనే ఎక్కువ శ్రద్ధ చూపించారు. ఊరు చిన్నది, శుభ్రమైనది. చేపల బజారు ఉన్న చిన్న ద్వీపం, బురనెల్లి కాలువ, సిన్యోరి చౌక్ అన్నీ నడకలో అయిపోతాయి. శాకాహారులకు ఎర్రాకుల రాడిక్యో వేసి వండిన రిసోట్టో దొరుకుతుంది, వండిన రసం దేనిదో మాత్రం అడిగి తెలుసుకోవాలి. తిరమిసు పుట్టింది మా ఊళ్ళోనే అని ఇక్కడివాళ్ళు గట్టిగా చెప్పుకుంటారు. ఆ వాదం సంగతి ఎలా ఉన్నా, తినడానికి అభ్యంతరమేమీ కనిపించలేదు.

ఇబ్బంది అంతా హాలుకు వెళ్ళిరావడంలోనే ఉంది. వెళ్ళేటప్పుడు బస్సు దొరికింది. మ్యాచ్ ముగిసే సరికి రాత్రి బాగా పొద్దుపోయింది, బస్సులు లేవు, ముందుగా మాట్లాడుకున్న టాక్సీ రాలేదు, ఫోను చేస్తే ఎత్తేవారు లేరు. స్థానిక అభిమానులంతా తమ కార్లలో వచ్చి వెళ్ళేవాళ్ళే కనుక ప్రజా రవాణా లేదన్న లోటు వాళ్ళకు తెలియదు. చివరకు పసుపు కండువా మెడలో వేసుకున్న ఒక కుటుంబం మమ్మల్ని కారులో స్టేషన్ దాకా దింపింది. అయితే ఇటువంటి దయ మీద ఆధారపడి ప్రయాణం పెట్టుకోకూడదు. హాలు నుంచి వచ్చేటప్పటి టాక్సీని బస చేసే చోటి వారి చేతనే మాట్లాడించుకోవడం మంచిది. రాత్రి పదకొండు దాటాక వంటశాలలేవీ తెరిచి ఉండవు కాబట్టి భోజనం కూడా ముందే కానిచ్చుకోవాలి.

ఇక హాలు లోపలికి వస్తే పై ఇబ్బందులన్నీ మరిచిపోతాం. బెనెట్టన్ సంస్థ 1983లో కట్టించిన పాలావెర్దేలో సీట్లు 5,344 మాత్రమే. ఎక్కడ కూర్చున్నా కోర్టు ఎంతో దూరంగా ఉండదు. ఆ రాత్రి ప్రత్యర్థి మిలానో, అంటే నెట్టుకు అవతల పావొలా ఎగోను. పారిస్ ఒలింపిక్స్‌లో ఇటలీకి స్వర్ణం తెచ్చి అక్కడ అత్యుత్తమ క్రీడాకారిణిగా నిలిచిన ఎగోను ఒకప్పుడు ఈ హాలులోనే ఇంటి బిడ్డ. ఆమె సర్వీసుకు వెళ్ళినప్పుడల్లా హాలంతా ఈలలు వేసింది, ఆట ముగిశాక కరచాలనాల వేళ అదే హాలు చప్పట్లూ కొట్టింది.

నాకు అన్నిటికన్నా గుర్తున్నది కొనెల్యానో లిబెరో, అంటే వెనక వరుసలో బంతిని కాచే క్రీడాకారిణి, మోనికా దె జెన్నారో. టీవీలో బంతి వెంట కెమెరా పోతుంది, అందువల్ల లిబెరో ఏం చేస్తున్నదో మనకు సగమే కనిపిస్తుంది. ఇక్కడ వెనక వరుసలో కూర్చుని ఆమెనే చూస్తూ ఉంటే, ఎగోను గాలిలోకి లేవకముందే ఆమె రెండు చిన్న అడుగులు పక్కకు వేసి, మోకాళ్ళు వంచి, చేతులు ఇంకా విడిగా ఉంచి నిలబడడం కనబడింది. బంతి తగిలిన చప్పుడు మాకు చేరేసరికే అది నెమ్మదిగా, తిరుగుడు లేకుండా, బంతిని ఎత్తి అందించే లిఫ్టర్ యొవాన్నా వొవోష్ తల మీదికి వెళ్ళిపోయింది. అక్కడి నుంచి వొవోష్ దాన్ని వెనక్కు చూడకుండానే బంతిని కొట్టే ఇసబెల్ హాక్‌కు ఎత్తింది. గుంటూరులో కాలేజీ జట్టుకు లిఫ్టరుగా ఆడిన మా చెల్లెలు నా చెయ్యి పట్టుకుని, "అన్నయ్యా, ఇంత మంచి పాస్ వస్తే నేనూ లిఫ్ట్ చేసేదాన్నే" అంది. కాస్త ఆగి, "అబద్ధం, చెయ్యలేను" అని తనే అంది. మన ఊళ్ళలో సంక్రాంతికి జరిగే పోటీల్లో బంతిని కొట్టే షూటరుకే పేరంతా పోతుంది. ఆ రాత్రి పాలావెర్దేలో మాత్రం ఒక లిబెరో డిగ్గుకు, అంటే కొట్టిన బంతిని నేల తాకకుండా ఎత్తినందుకు, జనం లేచి నిలబడ్డారు.

ఈ జట్టు స్థాయి తెలియనివారి కోసం కొంత చెప్పాలి. 2019 డిసెంబరు నుంచి 2021 డిసెంబరు వరకు కొనెల్యానో వరుసగా 76 మ్యాచ్‌లు గెలిచి, అంతకుముందు ఇస్తాంబుల్ జట్టు వకీఫ్‌బ్యాంక్ పేరున ఉన్న 73 విజయాల రికార్డును దాటింది. దానియేలె సాంతరెల్లి శిక్షణలో 2024-25 సీజన్‌లో ఇటలీ సూపర్ కప్పు, ప్రపంచ క్లబ్ పోటీ, ఇటలీ కప్పు, లీగ్, ఛాంపియన్స్ లీగ్ అయిదూ గెలిచింది. అలాంటి జట్టు ఐదువేల పైచిలుకు సీట్ల హాలులో ఆడుతోంది కనుకనే టికెట్లు కష్టం. సీజన్ టికెట్టు ఉన్నవారికి ముందు అవకాశం ఇచ్చి, మిగిలినవి మ్యాచ్‌కు కొద్ది రోజుల ముందు అమ్మకానికి పెడతారు. దూరం నుంచి వచ్చేవారికి నేను చెప్పేది సిరీస్‌లో మొదటి మ్యాచ్ ఎంచుకోమని. లీగ్‌లో పైన నిలిచిన జట్టు ఇంటి హాలులోనే సిరీస్ మొదలవుతుంది, అది రద్దయ్యే ప్రసక్తి ఉండదు. అది కుదరకపోతే ఛాంపియన్స్ లీగ్ క్వార్టర్ ఫైనల్ రెండో మ్యాచ్‌ను చూడవచ్చు. వారం మధ్యలో వస్తుంది గానీ దాని ఆకర్షణ దానిది. 3-0 లేదా 3-1 గెలుపుకు మూడు పాయింట్లు, 3-2కు రెండు పాయింట్లు వస్తాయి. రెండు మ్యాచ్‌లు కలిపి ఇరువురి పాయింట్లూ సమానమైతే పదిహేను పాయింట్ల గోల్డెన్ సెట్ ఆడిస్తారు. సీజన్ మొత్తం ఆ పావుగంటలో తేలిపోతుంది.

ఫ్లోరెన్స్ గురించి ఒక మాట. స్కాన్డిచ్చి జట్టు ఆడే పాలాజ్జో వాన్నీ 2022లో తెరిచిన కొత్త హాలు, సౌకర్యంగా ఉంటుంది, సాంతా మరియా నొవెల్లా స్టేషన్ నుంచి ట్రామ్‌లో ఆ వైపుకు వెళ్ళిపోవచ్చు. ఒకసారి మామూలు లీగ్ మ్యాచ్ కోసం వెళ్ళాను. ఊళ్ళో గదుల ధరలు మాత్రం వాలీబాల్ అభిమానిని దృష్టిలో పెట్టుకుని నిర్ణయించినవి కావు.

ఇస్తాంబుల్‌కు మే మొదటి వారాంతంలో వెళ్ళాం. షెంగెన్ వీసా గానీ నివాస అనుమతి గానీ చెల్లుబాటులో ఉన్న భారతీయులకు తుర్కియే ఇ-వీసా ఇస్తుంది కనుక యూరప్‌లో ఉంటున్న మనవాళ్ళకు ఇది సులువు. పోటీ జరిగింది ఆసియా వైపున అతాషెహిర్‌లో ఉన్న ఉల్కర్ అరీనాలో. బాస్కెట్‌బాల్ కోసం 2012లో తెరిచిన ఆ హాలులో దాదాపు పదమూడు వేల మంది పడతారు. యూరప్ వైపు సుల్తానహ్మెత్‌లో గది తీసుకుంటే చారిత్రక కట్టడాలు దగ్గరే గానీ ప్రతిరోజూ జలసంధి దాటి రావాలి. మేము కాదికోయ్‌లో దిగాం, అది సరైన నిర్ణయమే అయింది. ఎం4 మెట్రో అక్కడే మొదలవుతుంది. ఇస్తాంబుల్‌కార్ట్ ఒక్కటి చేతిలో ఉంటే మెట్రో, పడవ, బస్సు, సముద్రం అడుగున సాగే మర్మరాయ్ రైలు అన్నిటికీ చెల్లుతుంది. శనివారం రాత్రి ఎం4 తెల్లవార్లూ నడుస్తుంది. విల్లోర్బాలో టాక్సీ కోసం పడిన పాట్లు తలచుకుంటే ఈ ఏర్పాటు విలువ మాకు బాగా తెలిసింది.

హోటలు విషయంలో అంత తృప్తి లేదు. వీధి వైపు కాని గది కావాలని రాసి, ఖరారు చేయించుకుని వెళ్ళినా, మద్యశాలల వీధి మీదికి తెరుచుకునే గదే ఇచ్చారు. అడిగితే రేపు మారుస్తామన్నారు, ఆ రేపు రాలేదు. అద్దె మాత్రం ట్రెవీజోలో ఇచ్చినదానిలో సగం కన్నా తక్కువ, ఉదయం ఆలివ్‌లు, జున్ను, టమాటా, కీరా, గుడ్లు, వేడి సిమిత్ రొట్టెతో పళ్ళెం నిండుగా పెట్టారు. భోజనానికి శాకాహారులు ఇక్కడ ఏమీ వెతుక్కోనక్కరలేదు. ఎర్ర కందిపప్పు సూపు మెర్జిమెక్ ఏ వీధిలోనైనా అర్ధరాత్రి దాకా దొరుకుతుంది, నిమ్మకాయ పిండుకుని తాగితే మన పప్పుచారుకు దగ్గరి చుట్టం అనిపిస్తుంది.

ఆట సంగతికి వస్తే, ఆ ఏడాది నుంచి ఛాంపియన్స్ లీగ్ మళ్ళీ ఫైనల్ ఫోర్ పద్ధతికి వచ్చింది. 2019 నుంచి 2024 వరకు ఒక్క ఫైనల్ మ్యాచ్‌నే తటస్థ వేదిక మీద ఆడించేవారు. నాలుగు జట్లలో మూడు ఇటలీవి: కొనెల్యానో, మిలానో, స్కాన్డిచ్చి. నాలుగోది ఆ ఊరి వకీఫ్‌బ్యాంక్, అప్పటికి ఆరుసార్లు ఈ కప్పు గెలిచిన జట్టు, జొవాన్ని గ్విదెత్తి దానికి ఏళ్ళ తరబడి కోచ్. సెమీఫైనల్లో స్కాన్డిచ్చి చేతిలో వకీఫ్‌బ్యాంక్ ఓడిపోవడంతో ఇస్తాంబుల్‌లో ఇద్దరు ఇటలీ పొరుగువాళ్ళు ఫైనల్ ఆడవలసి వచ్చింది, అందులో కొనెల్యానో 3-0తో గెలిచింది. విచిత్రమేమంటే కొనెల్యానో తరఫున ఆడిన హాక్, గాబీ, జు టింగ్ ముగ్గురూ ఒకప్పుడు వకీఫ్‌బ్యాంక్‌వాళ్ళే. మా బ్లాకులోని స్థానికులు తమ జట్టు లేదన్న దిగులును గాబీకి చప్పట్లు కొట్టి తీర్చుకున్నారు. అయినా పదమూడు వేల మంది పట్టే హాలులో, తమది కాని ఫైనల్‌కు వచ్చే ఉత్సాహం ఎంతైనా పలచనే. రెండు పాయింట్ల మధ్య స్పీకర్లలో హోరెత్తిన సంగీతం ఆ వెలితిని పూడ్చే ప్రయత్నం చేసింది. పై వరుసల నుంచి దె జెన్నారో అడుగులు కనబడవు, పెద్ద తెర మీద రీప్లే చూసుకోవాలి. దానికోసమైతే ఇంట్లో టీవీ ఉండనే ఉంది.

ఇస్తాంబుల్‌కే వెళ్ళదలచినవారు ఫైనల్ ఫోర్ కోసం కాక, తుర్కియే లీగ్ ప్లేఆఫ్‌ల వేళ ఉస్కుదార్‌లోని బుర్హాన్ ఫెలెక్ హాలుకు వెళ్ళడం మేలని నా సలహా. ఏడువేల సీట్ల ఆ హాలు ఫెనర్‌బాచె జట్టుకు ఇల్లు. యూరప్ వైపున్న ఎమినోను నుంచి పడవలో ఉస్కుదార్ చేరి, డ్రైవరు లేకుండా నడిచే ఎం5 మెట్రో ఎక్కితే చాలు. మేము వెళ్ళినప్పుడు అక్కడ మ్యాచ్ లేదు, బయట నుంచే చూసి వచ్చాం. హైదరాబాదులో ప్రైమ్ వాలీబాల్ మ్యాచ్‌లు గచ్చిబౌలిలో జరిగినప్పుడు మా చెల్లెలు స్నేహితురాళ్ళతో వెళ్ళి చూసింది, అది మగవాళ్ళ లీగే. ఆడవాళ్ళ క్లబ్ వాలీబాల్ కోసమే కట్టుకున్నట్టున్న ఆ పరిసరాలను, గోడల మీది క్రీడాకారిణుల నిలువెత్తు బొమ్మలను ఫొటోలు తీసుకోవడంలో ఆమె చాలాసేపు గడిపింది.

తిరుగు ప్రయాణానికి సబీహా గోక్చెన్ విమానాశ్రయం నుంచి టికెట్టు తీసుకోవడం మంచిది. అది కూడా ఆసియా వైపే ఉంది, 2022 నుంచి ఎం4 మెట్రో అక్కడిదాకా పోతోంది. యూరప్ వైపున్న పెద్ద విమానాశ్రయానికి వెళ్ళాలంటే ఊరు ఈ కొస నుంచి ఆ కొసకు దాటాలి, టికెట్టులో మిగిలింది దారిలో ఖర్చయిపోతుంది.