1966 ఎంజీబీ శీతలీకరణ: తొమ్మిదేళ్ల వాడకం తరువాత

నా దగ్గర ఉన్నది 1966 నాటి ఎంజీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. 1798 సీసీ ఇంజిన్, జంట ఎస్‌యూ కార్బురేటర్లు, కరెంటు పుట్టించే డైనమో, పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ పాజిటివ్ కొస బాడీకి కలిపి ఉంటుంది). కొని తొమ్మిదేళ్లయింది. శీతలీకరణ వ్యవస్థలో మూత మొదలుకొని రేడియేటర్ దాకా నేను చెయ్యి పెట్టని భాగం లేదు. కొన్ని మార్పులు నిలిచాయి, రెండింటిని తీసేశాను. ఏది ఎందుకు నిలిచిందో చెప్పాలంటే ఏది ముందు చేశానో కూడా చెప్పాలి.

కొత్తలో కారు రెండు సందర్భాల్లో వేడెక్కేది. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఉష్ణోగ్రత చూపే ముల్లు మెల్లగా పైకి జరిగేది. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో అరగంట నడిపినా అదే జరిగేది. రెండింటికీ కారణం ఒకటే అనుకున్నాను. ఆగినప్పుడు మాత్రమే వేడెక్కితే గాలి చాలడం లేదని అర్థం. వేగంలో గాలికి కొదవ ఉండదు కాబట్టి, అప్పుడు వేడెక్కితే నీటి ప్రవాహాన్నో, రేడియేటర్‌నో, ఇగ్నిషన్ టైమింగ్‌నో (సిలిండర్లో నిప్పురవ్వ పడే క్షణం) అనుమానించాలి. ఈ తేడా తెలియక మొదటి ఏడాదే ఎలక్ట్రిక్ ఫ్యాను కొన్నాను.

దాన్ని బిగించిన రోజు కారు ఇంకా త్వరగా వేడెక్కింది. అలవాటు ప్రకారం నల్ల తీగను బాడీకి కలిపాను. ఈ కారులో బాడీయే పాజిటివ్. మోటారు ఎదురు దిశలో తిరిగి, దూసుకొచ్చే గాలికి అడ్డుపడింది. తీగలు మార్చాక ట్రాఫిక్‌లో మంచి ఫలితమే కనిపించింది. కానీ ఉష్ణోగ్రత స్విచ్చు సన్నని గొట్టాన్ని పై హోస్ పైపు అంచు కిందుగా లోపలికి దూర్చాల్సి వచ్చింది. అక్కడ ఎంత బిగించినా నీరు చెమరుస్తూనే ఉండేది. అసలు ఇబ్బంది రాత్రిపూట వచ్చింది. ఈ డైనమో గరిష్ఠంగా ఇచ్చేది 22 ఆంపియర్లు, ఐడిల్‌లో దాదాపు ఏమీ ఇవ్వదు. హెడ్‌లైట్లు, వైపర్లు, ఫ్యాను కలిస్తే బ్యాటరీ కరిగిపోయేది. నాలుగో ఏట ఎలక్ట్రిక్ ఫ్యాను తీసేసి, ఎక్కువ రెక్కలున్న తరువాతి మోడళ్ల ప్లాస్టిక్ ఫ్యానును ఇంజిన్‌కే బిగించాను. డైనమోకు బదులు ఎక్కువ కరెంటు ఇచ్చే ఆల్టర్నేటర్ ఉన్నవారికి నా అభ్యంతరం వర్తించదు. 1977 మోడల్‌కు కర్మాగారమే రేడియేటర్‌ను ముందుకు జరిపి ఎలక్ట్రిక్ ఫ్యాన్లు పెట్టింది.

రెండో ఏట అల్యూమినియం రేడియేటర్ పెట్టాను. వేగంలో వేడెక్కడం తగ్గలేదు, ముల్లు పైకి చేరడానికి కాస్త ఎక్కువ సమయం పట్టిందంతే. అప్పుడు గానీ బ్లాకు (సిలిండర్లు, వాటి చుట్టూ నీటిదారులు ఉండే ఇంజిన్ దిమ్మ) వైపు చూడలేదు.

బ్లాకులోని నీరు వదిలే కుళాయి తిప్పితే ఒక్క చుక్క రాలేదు. కుళాయి ఊడదీసి తీగతో పొడిచినా తుప్పు పెచ్చులే రాలాయి. వాటర్ పంపు, థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా రేడియేటర్‌కు నీటిదారి మూసి ఉంచే కవాటం), బ్లాకు పక్కన నీటిదారుల రంధ్రాలను మూసే బిళ్లలైన కోర్ ప్లగ్గులు అన్నీ విప్పాను. తడిసిన ఇటుకపొడి లాంటి బురద, దాని కింద గట్టిపడిన పొర. పంపుకు అన్నిటికంటే దూరంగా ఉన్న నాలుగో సిలిండర్ చుట్టూ అయితే నీటికి చోటే లేదు. రెండు రోజులు వంచిన తీగలతో గీకుతూ, మామూలు ప్రవాహానికి ఎదురుగా పైపుతో నీరు కొడుతూ, తేటనీరు వచ్చేదాకా కడిగాను. కొత్త ప్లగ్గులు వేసి రోడ్డెక్కితే అదే వేగంలో గంటన్నర నడిపినా ముల్లు మధ్యలోంచి కదలలేదు! ఈ తొమ్మిదేళ్లలో అత్యధిక ఫలితమిచ్చిన పని ఇదే, ఖర్చు కూడా ఇదే తక్కువ.

ఐదో ఏట అల్యూమినియం రేడియేటర్ వెల్డింగ్ దగ్గర చిట్లింది. అటకమీది పాత ఇత్తడి రేడియేటర్‌కు కొత్త కోర్ (నీరు చల్లబడే సన్నని గొట్టాల భాగం) వేయించి పెట్టాను. బరువు ఎక్కువే, కానీ టంకంతో బాగుచేసుకోవచ్చు. కడిగిన బ్లాకుతో ఈ రెండింటికీ మధ్య ముల్లులో తేడా నాకు కనిపించలేదు. బ్లాకు ముందే శుభ్రం చేసి ఉంటే అల్యూమినియం కొనవలసిన అవసరమే లేదు.

వేడెక్కుతోందని థర్మోస్టాట్ తీసేయమని చాలామంది చెబుతారు. ఒక వేసవి తీసి చూశాను. వేడిలో అది ఎలాగూ తెరిచే ఉంటుంది కాబట్టి తీసినందువల్ల మేలు జరగలేదు. చలి ఉదయాల్లో మాత్రం ఇంజిన్ వేడెక్కడానికి చాలాసేపు పట్టింది. ఇప్పుడు 82 డిగ్రీలది ఉంది. టైమింగ్ కూడా చూసుకోండి, వెనక్కి జరిగితే ఎంత మంచి రేడియేటరైనా చాలదు.

రేడియేటర్ మూత చదరపు అంగుళానికి 10 పౌండ్ల ఒత్తిడి నిలిపేదే. ఒత్తిడి ప్రతి పౌండుకు మరిగే ఉష్ణోగ్రతను సుమారు ఒకటిన్నర డిగ్రీలు పెంచుతుంది, అయినా పాత కోర్‌కు, హీటర్‌కు అంతకంటే ఎక్కువ ఒత్తిడి పెట్టడం నాకు ఇష్టం లేదు. రేడియేటర్‌ను అంచుదాకా నింపితే వ్యాకోచించిన నీరు బయటికి పోయేది, కారుతోందని భయపడి మళ్లీ నింపేవాణ్ణి. ఒక సీసా తగిలించి, నీటిని వెనక్కి పీల్చుకునే రెండు సీళ్ల మూత వేశాక మట్టం నిలకడగా ఉంది. కూలెంట్ రెండేళ్లకోసారి మారుస్తాను. ఇప్పుడు కుళాయి తిప్పగానే ధార వస్తోంది.

మిగిలింది ఒక్కటే. ఎండలో నడిపి ఇంజిన్ ఆపి, పది నిమిషాలకు మళ్లీ స్టార్ట్ చేస్తే కొంతసేపు తడబడుతుంది. కార్బురేటర్లు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పైనే ఉండటంతో పెట్రోలు ఆవిరవుతోంది. దీనికి రేడియేటర్ చేయగలిగింది లేదు. వేడి కవచం సరిచేయాలి, అప్పటిదాకా బానెట్ తెరిచి ఉంచుతున్నాను.