యంగోనా గిన్నె చుట్టూ ఫిజీలో వారం రోజులు

నాండి మార్కెట్లో కూరగాయలు దాటి లోపలికి వెళ్తే ఒక వరసంతా ఎండు వేర్లే. బయట కావా అనే పానీయాన్ని అక్కడ యంగోనా అంటారు, ఫిజీలో స్థిరపడ్డ మనవాళ్ళకైతే అది గ్రోగ్. మిరియాల జాతి మొక్క వేరు, దంచి నీళ్ళలో పిసికి తాగుతారు. పల్లెకు అతిథిగా వెళ్తే అర కిలో కట్ట ఊరి పెద్ద ముందు పెట్టాలి, దాన్ని సేవుసేవు అంటారు. రెండు కట్టలు కొన్నాను. పొడి వద్దు, వేర్లే తీసుకోండి.

మొదటి రెండు రాత్రులు రిసార్టులో ఉన్నాం. గది బాగుంది, తిండి ఫర్వాలేదు. సాయంత్రం పెట్టిన కావా కార్యక్రమం మాత్రం నచ్చలేదు. పది నిమిషాలు, నాలుగు ఫొటోలు, విడిగా డబ్బు. ఒక మాట అడిగితే చెప్పేవాళ్ళు లేరు.

డెనరావు రేవు నుంచి పొద్దున్నే యసావా దీవులకు పసుపు రంగు పడవ ఉంటుంది. టైముకే బయల్దేరింది. మేం దిగింది మెథడిస్టు అనే క్రైస్తవ శాఖ వాళ్ళ పల్లె. టోపీ తీసి, లుంగీలాంటి సులు చుట్టుకుని చాప మీద కూర్చున్నాం. కాళ్ళున్న చెక్క గిన్నె తనోవా. దంచిన వేరును గుడ్డలో వేసి నీళ్ళలో పిసుకుతుంటే వానాకాలం చెరువు రంగు వచ్చింది. కొబ్బరి చిప్ప నా దగ్గరికి రాగానే ఒక చప్పట కొట్టి, ఒక్క గుక్కలో తాగి, మళ్ళీ మూడు చప్పట్లు కొట్టాను. చుట్టూ అందరూ "మద" అన్నారు, అయిపోయిందని. మట్టి వాసన, కాస్త కారం. పెదాలు తిమ్మిరెక్కాయి.

మొదలుపెట్టే ముందు ప్రార్థన చేసింది పాస్టరే. నాకు ఆశ్చర్యం వేసి అడిగాను. పూర్వం ఇది దేవతల గుళ్ళో బేతే అనే పూజారులు, పెద్ద దొరలు తాగేదట. పూజారి తాగితే దేవుడు ఆయన ఒంటి మీదికి వచ్చి పలికేవాడట. మన ఊళ్ళలో పూనకం లాంటిదే అనిపించింది. 1835లో క్రాస్, కార్గిల్ అనే మెథడిస్టు మిషనరీలు లకేంబా దీవికి వచ్చారు, 1854లో థాకొంబౌ రాజు క్రైస్తవం తీసుకున్నాడు. ఆ గుళ్ళు పోయాయి కానీ యంగోనా పోలేదు, పైగా అందరిదీ అయింది. "శనివారం రాత్రి ఎక్కువసేపు కూర్చుని ఆదివారం చర్చిలో కునికితేనే నాకు బాధ" అన్నారు పాస్టరు. అన్నిచోట్లా ఇలా జరగలేదు. పక్క దేశం వనువాటులోని తన్నా దీవిలో ప్రెస్బిటేరియన్ మిషనరీలు కావాను అణచేశారు. 1940 ప్రాంతంలో జాన్ ఫ్రమ్ అనే స్థానిక మత ఉద్యమం వచ్చాక జనం చర్చి వదిలి మళ్ళీ దాని దగ్గరికే వెళ్ళారు.

ఆ పల్లెలో మేం ఉన్న ఇంట్లో చాప మీద పరుపు, చన్నీళ్ళ స్నానం, కర్రపెండలం, చేప. శాకాహారులైతే ముందే చెప్పాలి. అయినా వారం మొత్తంలో నాకు బాగా నచ్చిన బస అదే.

రాజధాని సూవాలో ఫిజీ మ్యూజియం తప్పకుండా చూడండి. 1867లో కొండ పల్లెలో చంపేసిన మిషనరీ థామస్ బేకర్ చెప్పు ముక్క అక్కడ ఉంది. దాని ముందు చాలాసేపు నిలబడిపోయాను. మేం దిగిన గెస్ట్‌హౌస్ అడ్వెంటిస్టు అనే మరో క్రైస్తవ శాఖ కుటుంబానిది. రెండో కట్ట ఇవ్వబోతే ఆవిడ నవ్వుతూనే వద్దన్నారు. మద్యం, పొగాకు లాగే ఇదీ ఆ ఇంట్లోకి రాదట, శరీరం దేవుడి ఆలయం అన్నారు. బదులుగా నిమ్మాకుల టీ ఇచ్చారు. అంత శుభ్రమైన గది మరెక్కడా దొరకలేదు. బుక్ చేసేటప్పుడే ఆ ఇంటివాళ్ళది ఏ చర్చో అడగండి, వాళ్ళకీ మీకూ ఇబ్బంది ఉండదు.

చివరి రోజు మంగళవారం. నాండి సుబ్రహ్మణ్య స్వామి గుడి చూసుకుని, సాయంత్రం టాక్సీ అతను పిలిస్తే వాళ్ళ రామాయణ మండలికి వెళ్ళాం. లోపల ఢోలక్, హార్మోనియం, తులసీదాసు చౌపాయిలు. వరండాలో తనోవా. పారాయణం అయ్యాకే గిన్నె కదిలింది. అక్కడ ఒక పెద్దాయన, వాళ్ళ తాత గిర్మిట్ (ఒప్పంద) కూలీగా మద్రాసులో ఓడెక్కారట. తెలుగు మాటలు నాలుగైదే మిగిలాయి. అమ్మవారి నిప్పుల గుండం మొక్కు రోజుల్లో మాత్రం గ్రోగ్ ముట్టనని హిందీలో చెప్పారు. రెండో కట్ట ఆయన చేతిలో పెట్టాను. కళ్ళకద్దుకుని, నాకో చిప్ప అందించి, "తాగు నాయనా" అన్నారు తెలుగులో.